ఆదివారం టోస్ట్

"రేపు టోస్ట్ ఉందా, లేదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి. మిగతా గొడవలు మీలో మీరు తేల్చుకోండి," అన్నాడు మామగారు, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంటూ.

శనివారం మధ్యాహ్నం మూడయింది. చిన్నకోడలు బ్యాగు సర్దుకుని పుట్టింటికి వెళ్ళి అప్పటికి ఆరు రోజులు. ఈ ఆరు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడలేదు, ఎవరూ నవ్వలేదు. ముసలాయన అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఎక్కడైనా ఒక అక్షరం తగ్గితే ఆయనకు ఊపిరాడదు. అలాంటిది ఏకంగా మనిషే తగ్గింది.

పెద్దకోడలు ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి ఆపలేదు. "ఎందుకుండదు మామయ్యగారూ? ఉంటుంది."

"చిన్నమ్మాయి లేదు కదా, నీకు పని ఎక్కువవుతుందేమోనని."

గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్న మరిది తలెత్తాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. పొద్దుటి నుంచీ ఏదో ఆసుపత్రి లిఫ్టులో వేలాడి వచ్చాడు, చేతులకింకా గ్రీజు వదల్లేదు.

"టోస్ట్ చేసేది వదిన కదా నాన్నా. మా ఆవిడ లేకపోతే ఏం తక్కువవుతుంది?"

ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. లేకపోవడమే పెద్దకోడలికి చురుక్కుమంది.

"నిన్న సాయంత్రం వెళ్ళావుగా. వస్తానందా?" అని అడిగింది, మాట మారుద్దామని.

"అనలేదు."

"రానందా?"

"అదీ అనలేదు. నేనేం అడిగినా తల వంచుకుని కూర్చుంటోంది." అతను బూట్లు గోడవారగా సర్దాడు. "రేపు సాయంత్రం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాను వదినా. రెండు గదులు. నచ్చితే ఒకటో తారీఖు నుంచి మేమిద్దరం అక్కడుంటాం."

కత్తి ఆగింది. మామగారు పేపరు మళ్ళీ విప్పుకున్నాడు గానీ చదవడం లేదని ఎవరికైనా తెలుస్తుంది.

"ఇంత చిన్న మాటకి వేరు పడతారా?" అంది పెద్దకోడలు.

మరిది ఆమె వైపు ఒక్క క్షణం చూశాడు. ఏదో అనబోయి, "చేతులు కడుక్కొస్తాను," అని లోపలికి వెళ్ళిపోయాడు.

చిన్నది కాదని పెద్దకోడలికీ తెలుసు. పోయిన ఆదివారం మామగారి చెల్లెలు వచ్చింది. టేబుల్ చుట్టూ అందరూ కూర్చున్నారు. పెద్దకోడలు వేడి వేడి ట్రే తెచ్చి మధ్యలో పెట్టింది. పాలూ గుడ్లూ కలిపిన దాంట్లో రాత్రంతా నానిన రొట్టె, పొద్దున ఓవెన్లో కాలి, పైన చక్కెర కరిగి బంగారు రంగు తేలి ఉంది. వచ్చినావిడ రెండు ముక్కలు తిని, మూడోది కూడా వేయించుకుని, "మరి ఈ చిన్నదానికి నేర్పలేదా?" అని అడిగింది. అడిగిన దానికి "నేర్చుకుంటుందిలెండి" అంటే సరిపోయేది. కానీ మెచ్చుకోలు తలకెక్కినప్పుడు నోరు ఊరుకోదు.

"దానికి వంటింట్లో చెయ్యి తిరగదండీ. పెళ్ళయి ఆరేళ్ళయింది, నోటికి రుచిగా ఇంతవరకూ ఒక్కటి చేసి పెట్టలేదు," అంది నవ్వుతూ.

అందరూ నవ్వారు. చిన్నకోడలు చేతిలో ఉన్న ప్లేటు టేబుల్ మీద పెట్టింది. తోడికోడలి ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత గదిలోకి వెళ్ళి బ్యాగుతో బయటికొచ్చి, "అమ్మని చూసి చాలా రోజులైంది," అంది. అంతే.

ఆ ట్రేలో ఉన్నది ముందు రోజు నానబెట్టింది చిన్నకోడలే.

ఆ ఒక్క రోజే కాదు, ఆరేళ్ళుగా ప్రతి శనివారమూ ఆమే. నిజం చెప్పుకోవాలంటే పెద్దకోడలికి టోస్ట్ చెయ్యడం రాదు. తోడికోడలు కాపురానికొచ్చిన మొదటి వారం, కొత్తపిల్ల ముందు గొప్పకి "రేపు మీ అందరికీ ఓవెన్ టోస్ట్ చేసి పెడతాను" అని ప్రకటించి, ఆ సాయంత్రం తలనొప్పి వచ్చి పడుకుండిపోయింది. పొద్దున లేచేసరికి ఫ్రిజ్‌లో ట్రే సిద్ధంగా ఉంది. మామగారు తిని, "పెద్దమ్మాయీ, ఇది నీ చేతి చలవే," అన్నాడు. ఆమె కొత్తపిల్ల వైపు చూసింది. ఆ పిల్ల చిన్నగా నవ్వి, "అవును, అక్కే చేసింది," అంది. అక్క కాదనలేదు. ఆ తర్వాత కాదనడానికి వీలైన ఆదివారం ఒక్కటీ దొరకలేదు. చిన్నది నానబెట్టేది, పెద్దది ఓవెన్లో పెట్టి తెచ్చేది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి కూడా పెద్దకోడలు రెండుసార్లు ఆ ట్రే పట్టుకెళ్ళి భేష్ అనిపించుకుంది.

ఒక్క మాట చెబితే తోడికోడలు తిరిగొస్తుందని ఆమెకు ఈ ఆరు రోజులూ తెలుసు. ఆ మాట చెప్పాక ఈ ఇంట్లో ముఖం ఎలా చూపించాలో మాత్రం తెలియలేదు.

అందుకే ముందు టోస్ట్ చేసి చూపిద్దామనుకుంది. ఒక్కసారి తన చేత్తో కుదిరితే అబద్ధం సగం నిజమవుతుంది కదా అని లెక్క వేసుకుంది. ఈ లెక్కలు వేసుకునేటప్పుడు మనిషికి సిగ్గనిపించదు, చిత్రం.

*

సాయంత్రం వీధి చివర రొట్టెల దుకాణానికి వెళ్ళింది. దుకాణమాయన బల్ల మీది రొట్టె పొడి తుడుస్తూ తలెత్తి, "మీరొచ్చారేమిటమ్మా? చిన్నమ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బానే ఉంది. ఊళ్ళో లేదు. టోస్ట్‌కి ఒక పెద్ద రొట్టె కావాలి."

"ఆవిడది తీసి పెట్టానుగా." కింది అరలోంచి కాగితంలో చుట్టిన రొట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "గురువారంది. ప్రతి వారం ఇదే తీసుకెళ్తారు."

పెద్దకోడలు వేలితో నొక్కి చూసింది. చెక్కలాగా ఉంది. "రెండు రోజులదా?"

"అవునమ్మా. ఆవిడ అడిగి మరీ..."

"మా ఇంట్లో నిలవ రొట్టె తినాల్సిన ఖర్మ ఎవరికీ లేదండీ. ఇవాళ్టిది ఇవ్వండి."

దుకాణమాయన పాత రొట్టె కింది అరలో పెట్టేశాడు. "మీ ఇష్టం," అని అప్పుడే ఓవెన్లోంచి తీసిన రొట్టె చుట్టి ఇచ్చాడు. పట్టుకుంటే మెత్తగా, వెచ్చగా దూదిలా ఉంది.

దారి పొడుగునా ఆమెకు చిన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే తర్వాత ఆమెకే అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ పాత రొట్టె తినిపించిందా మహాతల్లి? తనే నయం కదా? తప్పు చేసినవాళ్ళకి ఎదుటివాళ్ళలో ఆవగింజంత తప్పు కనిపించినా పండగే.

ఇంటికొచ్చి రొట్టె కోసింది. కత్తి కింద ముక్కలు నలిగిపోయాయి. గాజు ట్రేకి వెన్న రాసి వరసగా పేర్చింది. గుడ్లు ఎన్ని? ఆరనుకుంది. పాలు ఎన్ని? వారం వారం చూస్తూనే ఉందనుకుంది గానీ, ఆ టైముకి తను హాల్లో ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినడం తప్ప ఏమీ చూడలేదు. చక్కెర, దాల్చినచెక్క పొడి, వెనీలా కలిపి గిలక్కొట్టి రొట్టె మీద పోసింది. రొట్టె పాలన్నీ చిటికెలో తాగేసింది. అబ్బో, ఎంత త్వరగా నానిందో అని మురిసిపోయింది. ట్రే మీద మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

"చేసేశావా?" అన్నాడు మొగుడు, టీవీ ముందు నుంచి లేవకుండా.

"ఆఁ. ఏముంది అందులో?" అంది.

అతను టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు.

*

పొద్దున ఎనిమిదింటికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన. ట్రే పైన అచ్చం ఎప్పటి రంగే. అంచుల్లో అదే బుడగ, మధ్యలో అదే మెరుపు. ఆమె గుండె తేలికపడింది. నిద్రపోతున్న మొగుణ్ణి మూడుసార్లు పిలిచి లేపి, ట్రే తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

మామగారు చెంచా దింపాడు. పైపొర కరకరమని పగిలింది. కింద ఉన్నదంతా జావ. పాలు, గుడ్డు, రొట్టె కలిసి పిండి ముద్దలా చెంచాకి అంటుకుని పైకి లేచి, మళ్ళీ ట్రేలోకి జారింది.

మామగారు కళ్ళజోడు సవరించుకుని ట్రే మీదికి వంగాడు.

"అమ్మాయ్, ఇందులో ఏదో అచ్చుతప్పు పడిందమ్మా."

"తాజా రొట్టె మామయ్యగారూ. కొంచెం మెత్తబడినట్టుంది."

"పోయినసారి ఏ రొట్టె?"

ఆమె ట్రే అంచు కొంగుతో తుడవసాగింది.

"ఓవెన్ నాన్నా," అన్నాడు మొగుడు. ప్లేటులో జావ కలుపుకుంటూ, తల ఎత్తకుండా, హాయిగా అనేశాడు. "సరిగ్గా వేడెక్కడం లేదు. పొద్దున నేనే చూశాను. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. మెకానిక్కి చెప్పాలి."

మరిది నవ్వాడు. అది నవ్వే అని ఎవరూ అనుకోరు.

"నువ్వు పొద్దున చూశావా అన్నయ్యా? వదిన మూడుసార్లు పిలిస్తే గానీ లేవనివాడివి."

"ఇప్పుడు దాని గురించి వాదన ఎందుకు? తిను."

"ఎలా తినను? మా ఆవిడ లేదుగా."

"మీ ఆవిడకీ దీనికీ ఏంటి సంబంధం?" మొగుడి గొంతు పెరిగింది.

"నీకు తెలీదా?"

"తెలిసినా తెలియకపోయినా పెద్దాయన ముందు..."

అక్కడ ఆగాడు. నోరు జారినట్టు అతనికే తెలిసింది. పెద్దకోడలు మొగుడి వైపు తిరిగింది. అంతసేపూ ఆమె మరిది ఏం బయటపెడతాడోనని వణికింది. ఇటు వైపు నుంచి దెబ్బ వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"మీకు తెలుసా?"

అతను చెంచా కింద పెట్టాడు.

"మిమ్మల్నే. తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"రెండో వారమో, మూడో వారమో. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. చిన్నమ్మాయి గుడ్లు కొడుతోంది. నువ్వు హాల్లో నా చొక్కా ఇస్త్రీ చేస్తున్నావు."

"ఆరేళ్ళు తెలిసి ఊరుకున్నారా?"

"నీకు పేరొస్తోంది. నాకేం పోయింది?"

"పోయిన ఆదివారం నేను దాన్ని అంత మాట అన్నప్పుడు?"

అతను చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నవ్వారు మీరు. అందరికంటే ముందు మీరే నవ్వారు."

"నువ్వన్నావు, నేను నవ్వాను. ఇప్పుడు నన్నంటావేం?" అన్నాడతను గొణుగుతూ. చెవులు ఎర్రబడ్డాయి.

నిజమే. అన్నది తనే. తన అబద్ధం ఎంత ముదిరిందంటే, మొగుడు దానికి తల తిప్పకుండా, రెప్ప వెయ్యకుండా కొత్త అబద్ధం అతికించగలుగుతున్నాడు. ఓవెన్ రెండుసార్లు ఆగిందట. రెండుసార్లు! ఆ లెక్క కూడా చెప్పాడు. తను మామగారితో మాట్లాడేటప్పుడు కూడా ఇలాగే ఉండేదా? ఇంత సులువుగా, ఇంత హాయిగా? ఆమెకు ఒంటి మీద బట్ట జారినంత సిగ్గు వేసింది.

"మామయ్యగారూ," అంది. "ఈ టోస్ట్ నేనెప్పుడూ చెయ్యలేదు. ఇవాళ చేసిందే మొదటిసారి. ఇన్నేళ్ళూ చేసింది చిన్నమ్మాయి. మొదటి రోజు మీరు నన్ను మెచ్చుకున్నారు. కాదని చెప్పలేకపోయాను. తర్వాత చెప్పాలనిపించలేదు."

మరిది తల దించుకున్నాడు. అతనికి గెలిచిన సంతోషం ఏమీ కలిగినట్టు లేదు.

ముసలాయన తన ప్లేటు పక్కకి జరిపాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"పోయిన సంవత్సరం ఆ పిల్లకి జ్వరం వచ్చింది గుర్తుందా?" అన్నాడాయన. "శనివారం సాయంత్రం తూలుతూ వంటింట్లోకి పోతుంటే నేనే ఆపాను. 'నీకెందుకమ్మా, రేపటి పని మీ అక్క చూసుకుంటుంది, పోయి పడుకో,' అన్నాను. 'అక్కకి కొంచెం సాయం చేసి పడుకుంటాను మామయ్యగారూ,' అంది. మర్నాడు తింటూ ఏమన్నానో తెలుసా? 'మీ అక్కని చూసి నేర్చుకో,' అన్నాను."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం అమ్మా? చెప్పాల్సిన చోటు ఇది కాదు."

"నేనూ రానా వదినా?" అన్నాడు మరిది, ఆమె చెప్పులు వేసుకుంటుంటే.

"వద్దు. నువ్వుంటే నువ్వు చెప్పించావనుకుంటుంది."

*

చిన్నకోడలి పుట్టిల్లు సైకిళ్ళ దుకాణం పైన రెండో అంతస్తు. బస్సు దిగి నాలుగు నిమిషాలు నడవాలి. పెద్దకోడలు పావుగంట నడిచింది. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. ఏం చెప్పాలో వరస పెట్టుకుంది. "తప్పయిపోయింది, ఇంటికి రా." ఆ రెండు మాటలూ చాలనుకుంది.

తలుపు తీసింది తోడికోడలి తల్లి. దిండు గలీబులు కుట్టి దుకాణాలకు వేస్తుంది. మెడలో కొలత టేపు, చీర కొంగుకి గుచ్చిన రెండు సూదులు.

"నువ్వా అమ్మా! రా రా. ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా? కూర్చో." కుర్చీ మీది గుడ్డలు గబగబా తీసి చోటు చేసింది. "అది వెనకాల బట్టలు ఆరేస్తోంది. ఏమే, ఎవరొచ్చారో చూడు! మీ అక్క!"

ఏమీ తెలియని గొంతు అది. కూతురు అలిగి వచ్చిందని కూడా ఆవిడకు తెలిసినట్టు లేదు. తోడికోడలు ఇక్కడా నోరు విప్పలేదు.

"పిన్నిగారూ, నేను..."

"ముందు మంచినీళ్ళు తాగు. నువ్వొచ్చావు, మంచిదయింది. నిన్నొకటి అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను." ఆవిడ గ్లాసు అందిస్తూ ఎదురుగా కూర్చుంది. "ఆదివారాలు నువ్వేదో టోస్ట్ చేస్తావటగా. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా అదే కబురు. నాకు పళ్ళు పోయాక మెత్తటివే కదా తినగలిగేది. 'ఒక్కసారి చేసి పెట్టవే, మీ అక్క దగ్గర చూసే ఉంటావుగా' అని ఎన్నిసార్లు బతిమాలానో. 'అది అక్క చేతికే కుదురుతుందమ్మా, నాకు రాదు,' అంటుంది. ఎలా చేస్తావో కాస్త చెబుదూ, నేనే తంటాలు పడతాను."

గ్లాసు పెద్దకోడలి చేతిలో ఉండిపోయింది.

వెనక గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. అక్క ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైనట్టుంది. చటక్కున ముందుకొచ్చింది.

"అమ్మా, అక్క ఎండన పడి వచ్చింది. ఇప్పుడే వంటల గొడవ ఎందుకు? నువ్వు కూర్చో అక్కా, నేను టీ పెడతాను."

మళ్ళీ తనని కాస్తోంది. ఇంత జరిగాక కూడా. ఇందాక ఇంట్లో అందరి ముందూ ఒప్పుకున్నప్పుడు కూడా పెద్దకోడలు ఇంతగా కుంగిపోలేదు. మెట్ల మీద వరస పెట్టుకున్న రెండు మాటలూ ఎటో పోయాయి.

"నాకు రాదు పిన్నిగారూ," అంది.

"ఏమిటమ్మా రానిది?"

"ఆ టోస్ట్. నేనెన్నడూ చెయ్యలేదు. ఆరేళ్ళుగా చేస్తున్నది మీ అమ్మాయి. పేరు నేను కొట్టేశాను. చాలక పోయిన ఆదివారం నలుగురిలో దానికి వంట రాదని నవ్వాను. అందుకే ఇక్కడికొచ్చేసింది."

"అక్కా!" అంది చిన్నకోడలు. ఆ పిలుపులో ఊరట లేదు. భయం ఉంది.

పెద్దకోడలు ఆ తల్లి తిట్లకి సిద్ధపడి తల వంచుకుంది. తిట్లు రాలేదు. తల ఎత్తి చూస్తే ఆవిడ అసలు తన వైపే చూడటం లేదు. మెడలోని టేపు మెల్లగా లాగి చేతికి చుట్టుకుంటూ, కూతురి వైపు చూస్తోంది.

"నీకు వచ్చా?" అంది.

చిన్నకోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వారం వారం అక్కడ చేసి పెట్టావు. నేను నోరు తెరిచి అడిగితే రాదన్నావు. ఆమధ్య పళ్ళు పీకించుకుని నాలుగు రోజులు గంజి తాగుతూ పడుకున్నాను. అప్పుడు పక్కనే ఉన్నావు. అప్పుడూ రాదన్నావు."

"అమ్మా, ఇక్కడ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు నీ నోట్లోంచి వాళ్ళింట్లో..."

"వాళ్ళింట్లో తెలిసిపోతుందని," అంది తల్లి. ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "నా నోటి మీద నమ్మకం లేక."

చిన్నకోడలి ముఖం కందిపోయింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చేసినట్టు కనిపించని ఆ ముఖాన్ని పెద్దకోడలు మొదటిసారి అలా చూసింది. చూడలేక లేచి నిలబడింది.

"దాన్నేం అనకండి పిన్నిగారూ. అంతా నా మూలానే."

"నువ్వు కూర్చో అమ్మా. నీతో నాకు పని లేదు," అంది ఆవిడ, కూతురి మీద నుంచి చూపు తిప్పకుండా.